ఇటుకరంగు పొగ

కళాశాల, ముద్రణ విభాగం

వదినా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యం కావడానికి కారణం బద్ధకం కాదు, కోపం. కాస్త చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారేలా లేదు, అందుకే ఇలాగే రాస్తున్నాను.

మన ఆసిడ్ గదిలో ఫ్యాను పీకేశారు.

నువ్వూ నేనూ పక్కపక్కన నిలబడి రాగిరేకులు ముంచిన గదే అది. అప్పటికింకా నువ్వు మా అన్నయ్యని చేసుకోలేదు, నాకు వదినవి కాలేదు, రేకు మీది బుడగలు తోసే నా ఈక ఎత్తుకుపోయి ఇవ్వని దొంగవి మాత్రమే. పొగని బయటికి లాగేసే ఆ ఫ్యాను మనం వచ్చేటప్పటికే పాతది. ఫ్యానుకి ఎదురుగా ఉన్న గోడ వెనక ఈ ఏడాది సమావేశ మందిరం కట్టించారు. కుర్చీలకి మెత్తలు, బల్ల మీద అద్దం, గోడకి ప్రిన్సిపాల్ గారి నిలువెత్తు ఫొటో. అన్నీ కుదిరాక ఆయనకి ఫ్యాను రొద వినపడింది. మర్నాటికల్లా విప్పించి, ఆ కంతకి ఇటుకలు పెట్టించి, సున్నం కూడా వేయించేశారు. ఈ కాలేజీలో ఇంత చురుగ్గా జరిగిన పని నేను ఇంతవరకూ చూడలేదు.

వెళ్లి అడిగాను.

"రొదకి మా మాటలు మాకే వినపడటం లేదమ్మా. అరుచుకోవడానికా మందిరం కట్టించింది?" అన్నారు.

"ఫ్యాను లేకపోతే పొగ బయటికి పోదండి."

"పైన కిటికీ ఉందిగా."

"ఆ పొగ గాలికన్నా బరువండి. పైకి పోదు, కిందికి దిగుతుంది. పిల్లలు తొట్టె మీదికి వంగి పని చేస్తారు. సరిగ్గా వాళ్ల ముక్కు దగ్గరే ఉంటుంది."

ఆయన నవ్వారు. చిన్నపిల్ల ఏదో ముద్దుగా తప్పు మాట్లాడితే నవ్వుతాం చూడు, అలా. "ఆసిడ్‌లో లోహం వేస్తే వచ్చేది హైడ్రోజనమ్మా. మా అబ్బాయి పుస్తకంలో ఉంది. అన్నిటికన్నా తేలికైన వాయువు. దానంతటదే ఎగిరిపోతుంది."

నేను మొదటి నుంచీ చెప్పాను. రాగిరేకు మీద మైనం పూత పూస్తామనీ, సూదితో బొమ్మ గీస్తే ఆ గీతల్లో రాగి బయటపడుతుందనీ, ఆసిడ్‌లో ముంచితే అక్కడ మాత్రమే తింటుందనీ, ఆ పల్లాల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తామనీ. మేం వాడేది నైట్రిక్ ఆసిడ్ అనీ, దాని దారి వేరనీ, రాగి మీద అది హైడ్రోజన్ ఇవ్వదనీ, ఇటుకరంగు విషం ఇస్తుందనీ. అంతా విన్నారు. విని, "ఆసిడ్ ఏదైతే ఏమిటమ్మా, ఆసిడ్ ఆసిడే కదా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్ష పని మొదలైంది, తరగతి మొత్తం ఆ గదిలోకే పోవాలి. ఏం చెయ్యను, చెప్పు.

ఇంకా చల్లారని
నీ ఆడపడుచు

*

దుకాణం, వెనక గది

ఏమే ఆడపడుచా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి వినిపించాను. "దానికి చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం" అన్నారు. ఆ ముక్కు గురించే ఇప్పుడు గొడవ అని చెప్పాను.

సరే, పనికొచ్చే మాట. నా దుకాణంలో పేరు పలకలకీ, ఆటల పోటీల బహుమతి పలకలకీ నేను నైట్రిక్ మానేసి చాలా కాలమైంది. ఫెర్రిక్ క్లోరైడ్ వాడుతున్నాను. చూడ్డానికి బురదనీళ్లలా ఉంటుంది, బట్టల మీద పడితే మరక పోదు, కానీ రాగినీ ఇత్తడినీ శుభ్రంగా తింటుంది. పొగ రాదు. నెమ్మది, అంతే. నీ పిల్లలకి ఓపిక నేర్పినట్టూ ఉంటుంది. తెప్పించమని అడుగు.

అది వచ్చేదాకా గదికి తాళం వెయ్యి. తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. పరీక్ష ఆగిపోతే ఆగిపోనీ. పరీక్షలు ఆగిపోయాయని ఎవరూ చావలేదు.

నాకు ఇక్కడ ఏదో సంఘం వాళ్ల పలకల పని నెత్తిన కూర్చుంది. అధ్యక్షుడి పేరు పెద్దగా కావాలట, కార్యదర్శి పేరు అంతకన్నా చిన్నగా ఉండకూడదట. లోకమంతా మీ ప్రిన్సిపాళ్లేనే.

తాళం సంగతి రాయి. తప్పించుకోకుండా రాయి.

వదిన

*

కళాశాల, ముద్రణ విభాగం

వదినా,

తాళం వేశాను. తాళంచెవి నా మెడలో గొలుసుకే ఉంది. ఫెర్రిక్ క్లోరైడ్ అడిగాను. స్టోరు గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "ఉన్న ఆసిడ్ అయిపోవాలి మేడమ్. అది ఉండగా ఇంకోటి తెప్పిస్తే ఆడిట్‌లో నేను జవాబు చెప్పుకోవాలి." ఉన్న ఆసిడ్ అయిపోవాలంటే ముందు మేం అయిపోవాలి.

తాళం వేసిన కబురు ప్రిన్సిపాల్ గారికి చేరింది. నా మీద కేకలు వేస్తారనుకున్నాను. వెయ్యలేదు. దానికన్నా ఘోరమైన పని చేశారు. ప్రదర్శన పెట్టారు.

అవునే, ప్రదర్శన. పక్క కాలేజీ నుంచి రసాయన శాస్త్రం మాస్టారిని పిలిపించారు. యాజమాన్యం పెద్దలు ఇద్దరు, అధ్యాపకులు, నా విద్యార్థులు అందరూ చూస్తుండగా, అదే సమావేశ మందిరంలో, అద్దం బల్ల మీద గుడ్డ పరిచి గాజు గొట్టం పెట్టారు. మాస్టారు అందులో జింకు ముక్క వేశారు. సీసాలోంచి ఆసిడ్ పోశారు. బుసబుసా బుడగలు. రంగు లేదు, వాసన లేదు. అగ్గిపుల్ల గీసి మూతి దగ్గర పెడితే టప్‌మని చిన్న చప్పుడు. "హైడ్రోజన్" అన్నారు మాస్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా విద్యార్థులు కొందరు కూడా కొట్టారు. నేను వాళ్ల వైపు చూశాక ఆపారు.

నేను లేచి, "ఆ సీసాలో ఉన్నది ఏ ఆసిడ్ మాస్టారూ?" అని అడిగాను.

ఆయన నా వైపు చూడకుండా, "హైడ్రోక్లోరిక్" అన్నారు.

"మా గదిలో ఉన్నది నైట్రిక్. మా రేకు జింకు కాదు, రాగి. మీ గొట్టంలో ఒక రాగి ముక్క వెయ్యండి. ఒక్క బుడగ కూడా రాదు. దాన్నే మా ఆసిడ్‌లో వెయ్యండి. ఈ గదిలో ఎవరూ కూర్చోలేరు."

"మేడమ్, ఇది చర్చా వేదిక కాదు" అన్నారు ప్రిన్సిపాల్. టీ తెప్పించారు. మాస్టారు గొట్టం కడుక్కోవడానికి వెళ్లినవారు మళ్లీ లోపలికి రాలేదు. పిల్లలు ఆయనకి అప్పుడే బుడగల మాస్టారు అని పేరు పెట్టేశారు.

సాయంత్రం నోటీసు అంటించారు. గదికి ప్రమాదం లేదని నిపుణుల సమక్షంలో రుజువైందట. విద్యార్థులు గడువులోగా పని అప్పజెప్పాలట. ఆలస్యమైతే ఏడాది పోతుందట. దాని కిందే ఒకమ్మాయి నిలబడి ఏడ్చింది. ఆ పిల్ల పగలు బట్టల దుకాణంలో పని చేసి చదువుకుంటోంది. ఇంకో ఏడాది చదవలేనంది.

వదినా, అబద్ధం చెప్పినా ఇంత మండేది కాదు. నిజమే చూపించి మోసం చేశారు.

ఆడపడుచు

*

దుకాణం, వెనక గది

ఒసేయ్,

చదివి నేను చేతిలో ఉన్న పలక బల్ల మీద విసిరికొట్టాను. అంచు వంగింది. కార్యదర్శి గారి పేరున్న వైపే.

ఆ మాస్టారికి తెలియక కాదు. తెలిసే చేశాడు. గొట్టం కడగడానికి వెళ్లి తిరిగి రాలేదంటేనే అర్థం కావడం లేదా. అలాంటివాడు ఎప్పుడో ఒకప్పుడు కక్కుతాడు, పిలిచి అడిగేవాళ్లుంటే.

గది తెరవకు. ఆ అమ్మాయి కన్నీళ్లు చూసి కరిగిపోయి తెరవకు. నిన్ను నాకు తెలుసు.

వదిన

*

ఇంటి నుంచి

వదినా,

కొంచెం ఆలస్యమైంది. అంతా బాగానే ఉంది, కంగారు పడకు. గది తెరిచి పిల్లల్ని పంపలేదు, ఒట్టు. తాళంచెవి ఇప్పటికీ నా మెడలోనే ఉంది.

పనులన్నీ గడువుకి అందాయి. చెబితే నమ్మవు, ఇంత మంచి అచ్చులు ఈ విభాగంలో నేనెప్పుడూ చూడలేదు. బట్టల దుకాణం అమ్మాయి వాన కురుస్తున్న బస్టాండు బొమ్మ వేసింది. గొడుగుల నలుపు చూడాలి, చెయ్యి పెడితే లోపలికి దిగిపోయేలా ఉంది. సన్న గీతల దగ్గర బుడగలు పట్టకుండా ఈకతో తోస్తూ, సరిగ్గా ఎప్పుడు తియ్యాలో అప్పుడే తీస్తే వచ్చే నలుపు అది. ఒక్క రేకు కూడా పాడవలేదు.

కాస్త దగ్గు. వాతావరణం మారుతోంది కదా. అన్నయ్యకి చెప్పకు, ఊరికే గొడవ చేస్తాడు.

ఆడపడుచు

*

దుకాణం, వెనక గది

ఏమే,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. పిల్లల్ని లోపలికి పంపలేదు. తాళంచెవి నీ మెడలో ఉంది. రేకులన్నీ ఆసిడ్ తిని బయటికొచ్చాయి. ఈకతో బుడగలు తోశారు. ఎవరు తోశారు? ఆ ఈక ఎవరి చేతిలో ఉంది?

అందరి రేకులూ నువ్వే ముంచావు. కంత మూసేసిన గదిలో, ఒక్కదానివే, వంగి. అవునా కాదా?

నీ మీద నాకు జాలి రావడం లేదు. పట్టరాని కోపం వస్తోంది. ఆ పెద్దమనిషి మీద ఇన్ని ఉత్తరాలు దుమ్మెత్తిపోశావే, చివరికి నువ్వు చేసిందేమిటి? ఆయనకి కావలసిందే చేశావు. పరీక్ష జరిగింది. గడువు నిలబడింది. మందిరం ప్రశాంతంగా ఉంది. పొగ మాత్రం నీ ఒంట్లోకి పోయింది, అది ఎవరికీ కనపడదు. నువ్వు గోడకి పెట్టిన ఇటుకవి అయ్యావు. వచ్చే ఏడాది ఆయన ఏమంటారో నేను చెప్పనా? "పోయినేడాది ఫ్యాను లేకుండానే అయిందిగా" అంటారు.

పిల్లల్ని కాపాడాలంటే వాళ్లని వెంటబెట్టుకుని గేటు దగ్గర కూర్చోవాల్సింది. నీ ముక్కుకి తడిగుడ్డ కట్టుకోవడం కాదు. కట్టుకునే ఉంటావు, నాకు తెలుసు. అది ఆ పొగని ఆపదని నీకూ తెలుసు.

ఈ ఉత్తరం అందగానే డాక్టరు దగ్గరికి వెళ్లు. మీ అన్నయ్యకి చెప్పేశాను. చెప్పకు అంటే ఊరుకునేదాన్ని కాదు నేను.

వదిన

*

ఆసుపత్రి, కిటికీ పక్క మంచం

వదినా,

నీ ఉత్తరం ఇక్కడికి తెచ్చిచ్చారు. నువ్వు అది రాస్తున్న రోజుకే నేను ఈ మంచం మీద ఉన్నాను.

నువ్వన్నది నిజం. అన్నీ నేనే ముంచాను. తడిగుడ్డ కూడా నిజమే.

పొద్దున చివరి రేకులు ముంచి, అచ్చులు అప్పజెప్పిన సాయంత్రం ఇంటికొచ్చి నీకు ఉత్తరం రాశాను, అన్నం తిన్నాను, బట్టలు ఉతుక్కున్నాను, కాస్త దగ్గు తప్ప ఏమీ లేదు. తెల్లవారేసరికి పడుకుంటే ఊపిరి అందలేదు. కూర్చున్నా అందలేదు. పక్కింటావిడ ఆటోలో వేసుకొచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. డాక్టరమ్మ చెప్పింది, ఈ వాయువు వెంటనే కొట్టదట. లోపలి తడిలో కలిసి మళ్లీ ఆసిడ్‌గా మారి నింపాదిగా పని చేస్తుందట. రాగిని తిన్నట్టే అన్నమాట, నాకు మైనం పూత లేదు.

ఆయన వచ్చారు. యాపిల్ పళ్లు తెచ్చారు ప్రిన్సిపాల్ గారు. మంచం పక్కన కూర్చుని చాలా బాధపడ్డారు. "ఒక్క మాట చెప్పి ఉండాల్సిందమ్మా" అన్నారు. నాకు మాట్లాడటానికి ఊపిరి లేదు. లేకపోవడం ఆయన అదృష్టం.

వెళ్తూ ఒక కాగితం పెట్టి వెళ్లారు. తాళం వేసిన గదిలోకి నా అంతట నేనే, ఎవరికీ చెప్పకుండా వెళ్లాననీ, నాకు ముందు నుంచే ఉబ్బసం ఉందనీ, యాజమాన్యానికి సంబంధం లేదనీ. సంతకం పెడితే జీతంతో సెలవు. ఉబ్బసం మాట అబద్ధం. మొదటి మాట మాత్రం అబద్ధం కాదు వదినా. అదే నన్ను తినేస్తోంది. ఆ వాక్యం ఆయనకి నేనే రాసిచ్చినట్టయింది.

రాయడానికి కూడా ఆయాసం వస్తోంది. ఇక్కడితో ఆపుతాను.

*

ఇల్లు

అమ్మాయీ,

ఆసుపత్రిలో నీ దగ్గర ఉన్నన్నాళ్లూ నిన్ను తిట్టలేదు, ఆ ముక్కు గొట్టం చూసి నోరు రాలేదు. ఇంటికొచ్చాక మళ్లీ వచ్చింది.

మీ అన్నయ్య సంతకం పెట్టేయమంటున్నారు. "ప్రాణం దక్కింది, చాలు. వాళ్లతో మనకెందుకు, తీసుకొచ్చెయ్" అంటున్నారు. ఆయన్ని ఏమీ అనకు. నువ్వు ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు ఆ మనిషి వరండాలో గోడకేసి తిరిగి నిలబడ్డాడు, ఎవరికీ ముఖం చూపించలేదు. భయపడ్డవాడు అలాగే మాట్లాడతాడు.

నా మాట వేరు. ఆ మొదటి వాక్యం నిజం కాబట్టి నీ నోరు మూతపడుతుందని వాళ్ల ధైర్యం. నువ్వే చెప్పెయ్. నేనే వెళ్లాను అని గట్టిగా చెప్పు. ఎందుకు వెళ్లావో కూడా చెప్పు. సగం నిజంతో వాళ్లు ఆడుతున్నారు, మిగతా సగం నీ దగ్గరుంది. విచారణ అడుగు. ఆ బుడగల మాస్టారిని పిలిపించమని అడుగు.

అంతా నీ ఇష్టం. సంతకం పెట్టినా నువ్వు నాకు ఆడపడుచువే. కాకపోతే కొన్నాళ్లు నీతో మాట్లాడను.

వదిన

*

కళాశాల, ముద్రణ విభాగం

వదినా,

విచారణ అయింది. అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

అదే మందిరం, అదే అద్దం బల్ల. యాజమాన్యం తరఫున ఒక పెద్దాయన అధ్యక్షత. ప్రిన్సిపాల్ గారు ఎదురుగా. నా విద్యార్థులు గుమ్మం బయట నిలబడ్డారు, వెళ్లిపొమ్మన్నా వెళ్లలేదు. పెద్దాయన ఆ కాగితం చదివి, "ఇందులో తప్పేముందమ్మా?" అని అడిగారు.

"మొదటి మాటలో తప్పు లేదండి. నేనే వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పే, అది రాసుకోండి. కానీ నేను వెళ్లకపోతే వీళ్లు వెళ్లేవాళ్లు. వెళ్లకపోతే ఏడాది పోతుందని నోటీసు పెట్టారు. అది కూడా రాసుకోండి. ఉబ్బసం మాత్రం నాకు లేదు. డాక్టరమ్మ కాగితం ఇదిగో."

ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకున్నారు. "గది సురక్షితమని నిపుణులే నిరూపించారండి. అందరం చూశాం."

మాస్టారు ఆ చివర కూర్చుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. నేను ఆయన్నే అడిగాను. "మాస్టారూ, ఆ రోజు మా ఆసిడ్ ఎందుకు వాడలేదు?"

బల్ల అద్దంలో తన ముఖమే చూసుకుంటున్నారు.

"ముందు రోజు వచ్చి మీ ఆసిడే అడిగానండి" అన్నారు చివరికి. "దాంతో చేస్తే పొగ వస్తుందని చెప్పాను. ఇటుకరంగులో వస్తుంది, గది ఖాళీ చెయ్యాలి అన్నాను. ప్రిన్సిపాల్ గారు... పెద్దలు వస్తున్నారు, పొగ రాని ఆసిడ్ తెచ్చుకోండి అన్నారు."

గదిలో అందరూ ఒక్కసారి కదిలారు. నేను కదల్లేదు. ఇన్నాళ్లూ ప్రిన్సిపాల్ గారికి తెలియదనుకున్నాను వదినా. తెలియనితనం మీదే ఇంత కోపం పెట్టుకున్నాను. ఆయనకి తెలుసు. మెత్తటి కుర్చీల్లో కూర్చునేవాళ్లకి ఆ పొగ పడదని తెలుసు. మా పిల్లలకి పడుతుందో పడదో ఆలోచించలేదు, అంతే.

ఫలితం చెబుతాను. గోడ పగలగొట్టి కొత్త ఫ్యాను పెట్టారు. ఫెర్రిక్ క్లోరైడ్ తెప్పించారు. పాత ఆసిడ్ సీసాలు వెళ్లిపోయాయి, గుమాస్తా ఆడిట్ గురించి నోరెత్తలేదు. విద్యార్థులందరూ ఈసారి తమ రేకులు తామే ముంచి మళ్లీ అచ్చు తీశారు. నేనే అడిగి చేయించాను. ఆ ముందరివి వాళ్ల పనులు కావు, నావి. బట్టల దుకాణం అమ్మాయి గొడుగులు ఈసారి అంత నల్లగా రాలేదు. పాసయింది.

ఆయనకి? ఒక మెమో. ఇకపై జాగ్రత్త వహించవలసిందని. అదే కుర్చీ, అదే ఫొటో. విచారణ మినిట్స్‌లో "సాంకేతిక కారణాల వల్ల ఫ్యాను తాత్కాలికంగా తొలగించబడినది" అని రాశారు. నేను ఒప్పుకోలేదు. ఆ వాక్యం మార్చేదాకా దేని మీదా సంతకం పెట్టనని రాసిచ్చాను. సెలవుకి జీతం ఆపారు. ఆపుకోనీ. అన్నయ్యని కోప్పడవద్దని చెప్పు.

సంతోషించమని మాత్రం నువ్వు రాయకు. ఆయనకి మెమో కాగితం మీద వచ్చింది, నాకు ఊపిరితిత్తుల్లో వచ్చింది. కింది భాగం పూర్తిగా తేరుకోదని డాక్టరమ్మ చెప్పేసింది.

నిన్న మెట్లు ఎక్కుతుంటే వెనకనుంచి ఆయన వచ్చారు. మన మెట్లు ఎంత ఇరుకో నీకు తెలుసు, ఒకరు పక్కకి తప్పుకుంటే గానీ ఇంకొకరు పోలేరు. "నెమ్మదిగా ఎక్కమ్మా, తొందరేముంది" అన్నారు, ఎంతో దయగా. "జరిగిందేదో జరిగింది. మర్చిపోదాం."

"మీరు మర్చిపోవచ్చు సార్. నాకు మెట్టు మెట్టుకీ గుర్తొస్తుంది" అన్నాను.

నేను తప్పుకోలేదు. ఎక్కుతూ పోయాను. సగంలో ఊపిరి అందక ఆగాల్సి వచ్చింది. ఆయన కూడా ఆగారు. నన్ను దాటి పోలేక, వెనక్కి దిగలేక, కిందనుంచి పిల్లలు చూస్తుండగా, నాకు ఊపిరి అందేదాకా అక్కడే నిలబడ్డారు.

ఆడపడుచు